హెచ్‌ఐవీ చికిత్సలో ఇన్‌ఫ్లమేషన్: ఏ మందు, ఎప్పుడు, దేనికి బదులు ఏది

వైరల్ లోడ్, అంటే మిల్లీలీటరు రక్తంలో ఉన్న వైరస్ లెక్క, 50 కాపీల లోపే ఉంది. హెచ్‌ఐవీ దెబ్బతీసే రక్షణ కణాల లెక్క, సీడీ4, 600 దాటింది. అయినా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపును) కొలిచే సీఆర్‌పీ రిపోర్టు ఎక్కువే చూపిస్తోంది. ఇప్పుడు మందులు మార్చాలా, ఉన్నవాటికి ఇంకోటి చేర్చాలా, ఏమీ చేయకుండా ఉండాలా? తేల్చుకోవాల్సింది ఇదే. ఒక మాట ముందే చెప్పుకోవాలి: హెచ్‌ఐవీని అణిచే మందులైన ఏఆర్‌టీ మాత్రల్లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే రకం అంటూ విడిగా ఏదీ లేదు. వైరస్‌ను ఎంత త్వరగా అణిచారు, ఎంతకాలం తెరిపి ఇవ్వకుండా అణిచి ఉంచారు అన్నవే ప్రధానం. మాత్ర పేరు ఆ తర్వాతిది. అలాగని మాత్రల మధ్య తేడాలు లేవని కాదు. అవి కిడ్నీ, ఎముక, గుండె, బరువు, హెపటైటిస్ బీ దగ్గర బయటపడతాయి. ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అక్కడే.

వైరస్ అణిగినా వాపు ఎందుకు మిగులుతుంది

హెచ్‌ఐవీ సీడీ4 కణాలను చంపుతుందని అందరికీ తెలుసు. కానీ లింఫ్ కణజాలంలో చనిపోయే సీడీ4 కణాల్లో ఎక్కువ వాటిలో వైరస్ పూర్తిగా పాతుకుపోయి ఉండదు. లోపలికి దూరి, సగంలోనే ఆగిపోతుంది. ఆ తునకలను పసిగట్టిన కణం పైరాప్టోసిస్ అనే పద్ధతిలో పగిలి చనిపోతుంది. పగిలినప్పుడు లోపలి పదార్థం బయటికి చిమ్మి, మరిన్ని రక్షణ కణాలను అక్కడికి రప్పిస్తుంది. వచ్చినవాటికీ అదే గతి.

రెండో మూలం పేగు. శరీరంలోని రక్షణ కణాల్లో పెద్ద భాగం పేగు గోడలోనే ఉంటుంది. వైరస్ సోకిన కొద్ది వారాల్లోనే అక్కడి సీడీ4 కణాలు, ముఖ్యంగా పేగు పొరను కాపాడే టీహెచ్17 కణాలు, భారీగా నశిస్తాయి. పొర కారడం మొదలవుతుంది. పేగు బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి చేరతాయి. వాటిని చూసిన మోనోసైట్ కణాలు రెచ్చిపోయి ఎస్‌సీడీ14, ఎస్‌సీడీ163 అనే ప్రోటీన్లను వదులుతాయి, వాపును పెంచే ఐఎల్-6 అనే ప్రోటీన్ పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే వ్యవస్థ మేల్కొని, గడ్డలు కరిగినప్పుడు మిగిలే డీ-డైమర్ పెరుగుతుంది. గుండెపోటు ముప్పు పెరగడానికి ఒక దారి ఇదే.

ఏఆర్‌టీ చేసేది ఒక్కటే: కొత్త కణాలకు వైరస్ సోకకుండా ఆపుతుంది. ఇప్పటికే కణాల జన్యువులో కలిసిపోయి నిద్రపోతున్న వైరస్‌ను అది తీసెయ్యలేదు. పేగు పొరను పూర్తిగా పాత స్థితికి తేలేదు. లింఫ్ గ్రంథుల్లో ఏర్పడిన మచ్చను కరిగించలేదు. పైగా సైటోమెగలోవైరస్ లాంటి పాత అతిథులు లోపలే ఉండి సీడీ8 అనే రక్షణ కణాలను నిత్యం పని మీద ఉంచుతాయి. అందుకే చికిత్సతో ఐఎల్-6, డీ-డైమర్ బాగా దిగివస్తాయి కానీ, హెచ్‌ఐవీ లేనివారి స్థాయిని చాలామందిలో అందుకోవు. ఎస్‌సీడీ14 ఇంకా మొండిది. మందుల అవసరం లేకుండానే వైరస్‌ను అదుపులో ఉంచుకునే అరుదైన వ్యక్తుల్లో కూడా ఇన్‌ఫ్లమేషన్ మామూలు కన్నా ఎక్కువే కనిపిస్తుంది. మిగిలిన వాపును చూసి 'మందు పని చేయడం లేదు' అనుకోవడం తప్పు.

ఇప్పుడే మొదలుపెట్టడమా, ఆగడమా

ఇన్‌ఫ్లమేషన్ కోణంలో అన్నిటికన్నా పెద్ద తేడా చూపించే ఎంపిక ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఒకప్పుడు సీడీ4 బాగా ఉన్నంతకాలం మందులకు విరామం ఇస్తే దుష్ప్రభావాలు తగ్గుతాయని భావించేవారు. 2006లో వెలువడిన స్మార్ట్ పరిశోధన ఆ ఆలోచనకు తెర దించింది. 5,472 మందిలో సగం మంది మందులు ఆపకుండా వాడారు. మిగతా సగం సీడీ4 350 పైన ఉన్నప్పుడు ఆపి, 250 కిందికి పడ్డాక మళ్లీ మొదలుపెట్టారు. ఆపినవారిలో అవకాశవాద వ్యాధులు (రక్షణ శక్తి తగ్గినప్పుడు వచ్చేవి), మరణాలు కలిపి చూస్తే ముప్పు 2.6 రెట్లు. గుండె, కిడ్నీ, కాలేయ జబ్బులు కూడా తగ్గకపోగా 1.7 రెట్లు పెరిగాయి. మందుల దుష్ప్రభావాలని అనుమానించినవి, మందులు ఆపితేనే ఎక్కువయ్యాయన్నమాట. కారణం రక్తంలో దొరికింది: మందులు ఆపిన ఒక్క నెలలోనే ఐఎల్-6 సగటున 30 శాతం, డీ-డైమర్ 16 శాతం పెరిగాయి. ఆ రెండూ ఎక్కువ ఉన్నవారిలో మరణాలూ ఎక్కువ.

2015లో వచ్చిన స్టార్ట్ పరిశోధన ఎదురు ప్రశ్న వేసింది: సీడీ4 500 పైన ఉన్న, ఏ ఇబ్బందీ లేని మనిషికి వెంటనే మందులు అవసరమా? 4,685 మందిలో వెంటనే మొదలుపెట్టినవారిలో తీవ్ర సంఘటనలు 42, సీడీ4 350కి పడేదాకా ఆగినవారిలో 96. ముప్పు 57 శాతం తక్కువ. ఇందులో ఎక్కువమంది చదవకుండా దాటేసే వివరం ఒకటుంది. ఆ సంఘటనల్లో మూడింట రెండు వంతులు సీడీ4 500 పైన ఉండగానే జరిగాయి. అంటే సీడీ4 సంఖ్య బాగుందన్న ధైర్యం ఒట్టి భ్రమ.

కాబట్టి వ్యాధి నిర్ధారణ అయిన వారం లోపు, వీలైతే అదే రోజు మొదలుపెట్టడమే మేలు. ఆగాల్సిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ముఖ్యమైనవి రెండూ మెదడు పొరలకు సంబంధించినవే. క్రిప్టోకాకల్ మెనింజైటిస్ ఉంటే ఫంగస్ మందులు మొదలుపెట్టాక 4 నుంచి 6 వారాలు ఆగి ఏఆర్‌టీ ఇస్తారు. టీబీ మెనింజైటిస్‌లో సాధారణంగా 4 నుంచి 8 వారాలు ఆగుతారు. ఈ ఆగడానికి బలమైన ఆధారం ఉంది. 2014 నాటి కోట్ పరిశోధనలో క్రిప్టోకాకల్ మెనింజైటిస్ ఉన్నవారికి 1-2 వారాల్లోనే ఏఆర్‌టీ ఇస్తే 26 వారాల లోపు 45 శాతం మంది చనిపోయారు. 5 వారాలు ఆగినవారిలో అది 30 శాతం. అందుకే సీడీ4 200 లోపు ఉన్నవారికి, ఇంకా ముఖ్యంగా 100 లోపు ఉన్నవారికి, తలనొప్పి లేకపోయినా మొదటి మాత్రకు ముందే రక్తంలో క్రిప్టోకాకల్ యాంటిజెన్ పరీక్ష చేయాలి. మెదడుకు సోకని టీబీ అయితే ఇంత ఆగక్కర్లేదు. టీబీ మందులు మొదలైన 2 వారాల లోపే ఏఆర్‌టీ మొదలుపెట్టొచ్చు.

చికిత్సే వాపు తెచ్చినప్పుడు

పైన చెప్పిన మరణాల వెనక ఉందని అనుమానించేది ఐరిస్, అంటే కోలుకుంటున్న రక్షణ వ్యవస్థే తెచ్చే వాపు. సీడీ4 బాగా పడిపోయిన శరీరంలో టీబీ క్రిములో, ఫంగస్సో ఉన్నా వాటితో పోరాడే కణాలు ఉండవు, కాబట్టి లక్షణాలూ పెద్దగా ఉండవు. ఏఆర్‌టీతో వైరస్ పడిపోగానే కణాలు తిరిగొచ్చి ఆ క్రిముల మీద ఒక్కసారిగా విరుచుకుపడతాయి. జ్వరం, గడ్డలు వాయడం, ఊపిరితిత్తుల్లో నీరు. సాధారణంగా మొదటి 3 నెలల్లో, ఎక్కువగా తొలి వారాల్లో. 'మాత్రలు పడలేదు' అని మానేసేవారిలో కొందరిది నిజానికి మాత్రలు పని చేస్తున్న గుర్తు.

ఇక్కడ ఎంపిక రెండు దారుల మధ్య. ఒకటి, వచ్చాక చూసుకోవడం. రెండోది, వచ్చే అవకాశం ఎక్కువున్నవారికి ముందే ప్రెడ్నిసోన్ ఇవ్వడం. 2018లో వచ్చిన ప్రెడార్ట్ పరిశోధన రెండోదాన్ని పరీక్షించింది. టీబీ చికిత్స మొదలై 30 రోజులు దాటని, సీడీ4 100 మించని వారికి ఏఆర్‌టీతో పాటు రోజుకు 40 మి.గ్రా. ప్రెడ్నిసోన్ 14 రోజులు, తర్వాత 20 మి.గ్రా. మరో 14 రోజులు ఇచ్చారు. టీబీ ఐరిస్ 46.7 శాతం నుంచి 32.5 శాతానికి తగ్గింది. ఇది అందరికీ కాదు. కపోసీ సార్కోమా అనే క్యాన్సర్ ఉంటే స్టెరాయిడ్ దాన్ని రెచ్చగొడుతుంది. టీబీ మందులకు లొంగని రకమేమోనన్న అనుమానం ఉంటే, ముందు అది తేలాలి. సీడీ4 100 పైన ఉన్నవారిలో ముందస్తుగా ఇవ్వడం కన్నా కనిపెట్టుకుని ఉండటమే నయం.

ఐరిస్ వచ్చినా ఏఆర్‌టీ ఆపరు. ప్రాణాపాయ స్థితిలో తప్ప.

టీబీ ఉన్నవారికి మాత్ర ఎంపిక కూడా ఇక్కడే తేలిపోతుంది. టీబీ మందు రిఫాంపిసిన్ చాలా మందుల స్థాయిని రక్తంలో దించేస్తుంది. దానితో పాటు ఏఆర్‌టీ మందు డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, రిఫాంపిసిన్ ఆపాక కూడా మరో 2 వారాలు అలాగే కొనసాగించాలి. ఆ ప్రభావం వెంటనే పోదు కాబట్టి. బిక్టెగ్రావిర్, ఇంజెక్షన్ రూపంలోని కాబోటెగ్రావిర్-రిల్పివిరిన్ రిఫాంపిసిన్‌తో పనికిరావు. రెండో డోలుటెగ్రావిర్ మాత్ర మర్చిపోవడం, లేదా ఎవరూ చెప్పకపోవడం, టీబీ చికిత్స కాలంలో వైరల్ లోడ్ పెరగడానికి తరచూ కనిపించే కారణం.

టెనోఫోవిర్ రెండు రూపాలు, అబాకావిర్

మొదటి వరసలో ఎక్కువ చోట్ల వాడే మాత్ర టీఎల్‌డీ: టెనోఫోవిర్ డైసోప్రోక్సిల్ 300 మి.గ్రా., లామివుడిన్ 300 మి.గ్రా., డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. రోజుకు ఒకటి. ఇందులో డోలుటెగ్రావిర్ గురించి పెద్దగా వాదన లేదు. వైరస్‌ను వేగంగా దించుతుంది, వైరస్ దానికి లొంగకుండా పోవడం, అంటే నిరోధకత, తేలిగ్గా రాదు. పాత మందు ఎఫావిరెంజ్ వాడేవారికి కలలు, తల తిరగడం, మనసు దిగాలుగా ఉండటం లాంటి ఇబ్బందులుంటే మారడానికి అదే చాలు. ఇన్‌ఫ్లమేషన్ సూచికల్లో ఈ రెండింటి మధ్య తేడా మాత్రం ఒక పరిశోధనలో ఒకలా, మరోదానిలో ఇంకోలా ఉంటుంది. దాని మీద నిర్ణయం తీసుకోకూడదు.

అసలు ఆలోచించాల్సింది జతగా వచ్చే మందు గురించి.

టెనోఫోవిర్ డైసోప్రోక్సిల్, పొట్టిగా టీడీఎఫ్, రక్తంలోనే టెనోఫోవిర్‌గా విడిపోతుంది. కిడ్నీలోని సన్నని గొట్టాలు దాన్ని పీల్చుకుని దెబ్బతినే అవకాశం ఉంది. కిడ్నీ పనిని చూపే రక్త పరీక్ష క్రియాటినిన్ కన్నా ముందే మూత్రం చెబుతుంది: ప్రోటీన్ పోవడం, రక్తంలో చక్కెర మామూలుగానే ఉన్నా మూత్రంలో చక్కెర కనిపించడం, రక్తంలో ఫాస్ఫేట్ తగ్గడం. ఎముక సాంద్రత కూడా మొదటి ఏడాదిలో కొంత పడుతుంది. టెనోఫోవిర్ అలాఫెనమైడ్, అంటే టీఏఎఫ్, కణంలోకి వెళ్లాకే విడిపోతుంది కాబట్టి రక్తంలో టెనోఫోవిర్ స్థాయి దాదాపు 90 శాతం తక్కువ. కిడ్నీకి, ఎముకకు అది మేలు. ఈ మేలుకు వెల ఉంది. టీడీఎఫ్ కొలెస్ట్రాల్‌ను కొంచెం తగ్గిస్తుంది. టీఏఎఫ్‌కు మారగానే ఆ లాభం పోయి చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్, ట్రైగ్లిసరైడ్లు పెరుగుతాయి. బరువు కూడా, ముఖ్యంగా మొదటి ఏడాదిలో, డోలుటెగ్రావిర్‌తో కలిసినప్పుడు ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు తనంతట తానే ఐఎల్-6ను తయారుచేసే కర్మాగారం. అందుకే 'టీఏఎఫ్ కొత్తది కాబట్టి మంచిది' అన్న లెక్క కుదరదు. కిడ్నీ వడపోత కొలత ఈజీఎఫ్ఆర్ 60 లోపు, ఎముకలు గుల్లబారే ఆస్టియోపోరోసిస్, మూత్రంలో ప్రోటీన్ ఉంటే టీఏఎఫ్. కిడ్నీ, ఎముక బాగుండి, బరువు, కొలెస్ట్రాల్, షుగర్ సమస్య ఉంటే టీడీఎఫ్ మీదే ఉండటం తెలివైన పని.

అబాకావిర్ కిడ్నీకి, ఎముకకు హాని చేయదు. దాని చిక్కు గుండె దగ్గర. 2008లో డీఏడీ పరిశోధన, ఇటీవలి కాలంలో అబాకావిర్ వాడినవారిలో గుండెపోటు ముప్పు దాదాపు 90 శాతం ఎక్కువని చూపింది. లాటరీ పద్ధతిలో మందులు కేటాయించిన పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలో ఆ సంబంధం కనిపించలేదు కాబట్టి చాలాకాలం వాదన నడిచింది. వాదన తేలినా తేలకపోయినా ఎంపిక సులువే: గుండె జబ్బు ఉన్నవారికి, పొగతాగేవారికి, బీపీ, షుగర్ ఉన్నవారికి వేరే దారి ఉన్నప్పుడు అబాకావిర్ ఎందుకు? వాడక తప్పనప్పుడు హెచ్‌ఎల్‌ఏ-బీ 5701 అనే జన్యు పరీక్ష నెగెటివ్ వచ్చాకే మొదటి మాత్ర. పాజిటివ్ ఉన్నవారిలో తొలి 6 వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు, ఊపిరాడకపోవడంతో తీవ్ర అలర్జీ రావచ్చు. ఒకసారి వచ్చి ఆపినవారు మళ్లీ ఒక్క మాత్ర వేసుకున్నా ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి వరస మందులు పని చేయనప్పుడు వాడే ప్రోటియేజ్ మందుల్లో దారునావిర్ వైరస్ మీద గట్టిది. కానీ ఏళ్ల తరబడి వాడకంతో గుండె జబ్బుల ముప్పు పెరగడం డీఏడీలోనే 2018లో కనిపించింది. అటాజనావిర్‌తో ఆ సంబంధం కనిపించలేదు. దాని ఇబ్బంది కళ్లు పచ్చబడటం. అది కాలేయ జబ్బుతో వచ్చే కామెర్లు కాదు, కాలేయం చెడిపోయిన గుర్తూ కాదు. కిడ్నీలో రాళ్లు మాత్రం రావచ్చు.

మూడు మందులా, రెండు మందులా, ఇంజెక్షనా

డోలుటెగ్రావిర్, లామివుడిన్ రెండే కలిసిన మాత్ర వైరస్‌ను అణచడంలో మూడు మందులకు తీసిపోదని జెమిని, టాంగో పరిశోధనలు చూపాయి. వైరస్ రక్తంలో కనిపించకపోయినా మందు తగ్గితే కణజాలాల్లో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందేమోనన్న భయం చాలామందికి ఉంది. టాంగోలో సూచికలు కొలిస్తే ఐఎల్-6 మూడు మందుల వైపు, ఎస్‌సీడీ14 రెండు మందుల వైపు కొంచెం మొగ్గాయి. ఇలాంటి ఫలితం నుంచి ఎటూ తీర్పు చెప్పలేం. టెనోఫోవిర్, అబాకావిర్ రెండూ పడనివారికి ఇది చక్కటి ఎంపిక.

ఎవరికి కూడదు? హెపటైటిస్ బీ ఉన్నవారికి కూడదు. ఇది మొదటిది, గట్టిగా గుర్తుంచుకోవాల్సింది. లామివుడిన్ ఒక్కటే హెపటైటిస్ బీ మీద పని చేస్తే ఆ వైరస్ త్వరలోనే దానికి లొంగకుండా పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారిలో వైరల్ లోడ్ 5 లక్షల కాపీలు దాటితే వద్దు. నిరోధకత పరీక్ష ఫలితం రాకముందు, లేదా లామివుడిన్ నిరోధకత ఉందని పాత రికార్డు చెబుతున్నప్పుడు వద్దు. రిఫాంపిసిన్ వాడుతూ ఉంటే కూడా మూడు మందులే సురక్షితం.

కాబోటెగ్రావిర్ 600 మి.గ్రా., రిల్పివిరిన్ 900 మి.గ్రా. పిరుదు కండరాల్లో రెండు సూదులు. మొదటి రెండు డోసులు నెల తేడాతో, ఆ తర్వాత 2 నెలలకొకసారి. నిర్ణయించిన తేదీకి 7 రోజులు అటూ ఇటూ ఫరవాలేదు. రోజూ మాత్ర వేసుకోవడం ఇంట్లో దాచుకోలేని విషయమైనవారికి, మింగడమే కష్టమైనవారికి ఇది నిజంగా ఊరట. ఇన్‌ఫ్లమేషన్ విషయంలో అదనపు లాభం ఆశించకండి. ప్రమాదం తోకలో ఉంది: సూది మానేసినా మందు ఏడాది, అంతకు మించి కూడా కొద్దికొద్దిగా రక్తంలో ఉంటుంది. వైరస్‌ను అణచడానికి చాలదు, నిరోధకత నేర్పడానికి చాలు. డోలుటెగ్రావిర్ కుటుంబం మొత్తానికే ఆ దెబ్బ తగలొచ్చు. పాత రిల్పివిరిన్ నిరోధకత, వైరస్ ఏ6 ఉపరకం, బీఎంఐ 30 పైన: ఈ మూడింటిలో రెండు కలిసి ఉంటే విఫలమయ్యే అవకాశం గణనీయంగా పెరుగుతుంది. ఇదీ హెపటైటిస్ బీ మీద పని చేయదు. తేదీకి రాలేనని ముందే తెలిస్తే మాత్రలు అడిగి దగ్గర పెట్టుకోవాలి.

సీడీ4 కదలడం లేదు: ఏం మార్చాలి

వైరల్ లోడ్ రెండు మూడేళ్లుగా కనిపించకపోయినా కొందరిలో సీడీ4 200-350 మధ్యే ఆగిపోతుంది. చికిత్స ఆలస్యంగా మొదలైనవారిలో, వయసు పైబడినవారిలో ఇది ఎక్కువ. కొత్త కణాలు తయారయ్యే థైమస్, అవి బతికే లింఫ్ గ్రంథి రెండూ అప్పటికే దెబ్బతిని ఉంటాయి.

వైరస్ అణిగి ఉన్నప్పుడు ఏఆర్‌టీ మందు మార్చినా, నాలుగోది చేర్చినా సీడీ4 చెప్పుకోదగ్గంత పెరగదు. ఐఎల్-2 సూదులతో పెంచి చూశారు. 2009లో ఎస్ప్రిట్, సిల్కాట్ అనే రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. సీడీ4 అయితే పెరిగింది, రోగాలూ మరణాలూ తగ్గలేదు. సంఖ్య వేరు, రక్షణ వేరు. దీని తర్వాత సీడీ4 పెంచుతామని చెప్పే ఏ పొడినైనా, ఏ టానిక్కునైనా అనుమానంగానే చూడాలి.

చేయాల్సింది కారణం వెతకడం. సీడీ4 సంఖ్య ఒకే మనిషిలో ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ 30 శాతం దాకా మారొచ్చు. మొత్తం లింఫోసైట్ కణాల్లో సీడీ4 శాతం మారిందో లేదో చూడండి. కాలేయం గట్టిపడి ప్లీహం పెరిగినవారిలో సంఖ్య తక్కువగా ఉన్నా శాతం బాగానే ఉంటుంది. పాత హెచ్‌ఐవీ మందు జిడోవుడిన్, స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు కణాలను తగ్గిస్తాయి. బయటపడని టీబీ, లింఫోమా కూడా. ఇవేవీ కాకపోతే ఉన్న సంఖ్యతోనే జాగ్రత్తగా బతకడం: 200 లోపు ఉన్నంతకాలం ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమోక్సజోల్ కొనసాగించడం, ఫ్లూ, న్యుమోకాకల్, హెపటైటిస్ బీ టీకాలు వేయించుకోవడం. బతికున్న వైరస్‌తో చేసే ఎంఎంఆర్ లాంటి టీకాలు మాత్రం సీడీ4 200 లోపు ఉన్నప్పుడు కూడవు. సీడీ4-సీడీ8 నిష్పత్తి కూడా చూస్తూ ఉండొచ్చు. సీడీ4 మామూలుగా ఉన్నా ఆ నిష్పత్తి చాలా తక్కువగా మిగిలిపోతే రక్షణ వ్యవస్థ ఇంకా ఉద్రేకంలోనే ఉందని అర్థం. దాన్ని సరిచేసే ప్రత్యేక మందు లేదు, కానీ గుండె, క్యాన్సర్ పరీక్షలు వాయిదా వేయకూడదని అది చెబుతుంది.

ఏఆర్‌టీకి తోడుగా ఏదైనా వేసుకోవాలా

తోడు మందుల్లో పెద్ద పరీక్షకు నిలబడింది స్టాటిన్ ఒక్కటే. 2023లో వెలువడిన రిప్రీవ్ పరిశోధనలో 40-75 ఏళ్ల మధ్య వయసు, గుండె ముప్పు తక్కువ నుంచి ఓ మోస్తరుగా ఉన్న 7,769 మందికి రోజుకు 4 మి.గ్రా. పిటావాస్టాటిన్, లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. స్టాటిన్ తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద సంఘటనలు 35 శాతం తగ్గాయి. లాభం స్పష్టంగా కనిపించడంతో పరీక్షను ముందే ముగించారు. పరీక్ష మొదట్లో వారి ఎల్‌డీఎల్ పెద్ద ఎక్కువేమీ కాదు. మామూలు లెక్కల్లో చాలామందికి స్టాటిన్ రాయరు. నష్టం వైపు చూస్తే షుగర్ వచ్చినవారు 4.0 శాతం బదులు 5.3 శాతం, కండరాల నొప్పి 1.4 శాతం బదులు 2.4 శాతం.

అందువల్ల 40 దాటి, ఏఆర్‌టీ మీద ఉండి, 10 ఏళ్ల గుండె ముప్పు 5 శాతం పైన ఉన్నవారు సీఆర్‌పీ ఎంతైనా స్టాటిన్ గురించి డాక్టర్‌ను అడగాలి. పిటావాస్టాటిన్ దొరకకపోతే అటోర్వాస్టాటిన్ 20 మి.గ్రా. లేదా రోసువాస్టాటిన్ 10 మి.గ్రా. ఇతర మందుల స్థాయిని పెంచే రిటోనావిర్, కోబిసిస్టాట్ ఉన్న ఏఆర్‌టీతో సింవాస్టాటిన్, లోవాస్టాటిన్ అస్సలు కలవకూడదు. రక్తంలో వాటి స్థాయి విపరీతంగా పెరిగి కండరాలు కరిగి కిడ్నీ దెబ్బతింటుంది.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. ఆస్పిరిన్ తక్కువ మోతాదులో 12 వారాలిచ్చి చూస్తే ఇన్‌ఫ్లమేషన్ సూచికలు కదలలేదు. గుండె జబ్బు ఇప్పటికే ఉన్నవారికి ఆస్పిరిన్ వేరే కారణంతో ఇస్తారు, అది వేరే సంగతి. తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ రక్తనాళాల పనితీరును బాగు చేయలేదు సరికదా సీడీ8 కణాలను తగ్గించింది. సప్లిమెంట్లలో హాని ఎక్కువగా మందులతో కలవడం వల్ల వస్తుంది. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు డోలుటెగ్రావిర్‌ను పేగులోనే కట్టిపడేస్తాయి. డోలుటెగ్రావిర్ వాటికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ అయితే భోజనంతో కలిపి ఒకేసారి వేసుకున్నా ఫరవాలేదు, ఖాళీ కడుపుతో కాదు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఏఆర్‌టీ స్థాయిని దించేస్తుంది, దగ్గరికి రానివ్వకండి.

సిగరెట్ మానడాన్ని ఏ మాత్రతోనూ పోల్చలేం. చికిత్స సరిగా వాడుతూ పొగతాగేవారు హెచ్‌ఐవీ వల్ల కన్నా పొగ వల్లే ఎక్కువ ఆయుష్షు కోల్పోతారని డెన్మార్క్‌లో చేసిన పరిశోధన తేల్చింది. టీఏఎఫా టీడీఎఫా అని నెలల తరబడి తర్జనభర్జన పడి, జేబులో ప్యాకెట్ అలాగే ఉంచుకోవడంలో అర్థం లేదు.

సీఆర్‌పీ చూసి మందు మార్చే ముందు

సీఆర్‌పీ లీటరుకు 10 మి.గ్రా. దాటితే అది హెచ్‌ఐవీ మిగిల్చిన నెమ్మది వాపు కాకపోవచ్చు. చిగుళ్ల జబ్బు, సిఫిలిస్, టీబీ, ఈమధ్యే వచ్చిన జ్వరం ఉన్నాయేమో చూడాలి. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే చాలాసార్లు దిగిపోతుంది. ఐఎల్-6, ఎస్‌సీడీ14 పరిశోధనశాలలకు పనికొచ్చే కొలతలు. ఒక మనిషికి చికిత్స ఎంచడానికి వాటి మీద డబ్బు పెట్టనక్కర్లేదు. వైరల్ లోడ్ ఒకసారి 50-200 మధ్య కనిపించి తర్వాతిసారి మాయమైతే దాన్ని బ్లిప్ అంటారు, మందు మార్చరు. 200 పైన వరుసగా రెండుసార్లు వస్తేనే మాత్రలు వేసుకుంటున్న తీరు, కలిసే మందులు, నిరోధకత వెతకాలి.

డోలుటెగ్రావిర్ మొదలుపెట్టిన తొలి నెలలో క్రియాటినిన్ డెసిలీటరుకు 0.1-0.15 మి.గ్రా. దాకా పెరగడం మామూలు. కిడ్నీ దెబ్బతినలేదు. క్రియాటినిన్‌ను మూత్రంలోకి పంపే ఒక దారిని ఆ మందు మూసేస్తుంది, అంతే. తర్వాత అక్కడే నిలిచిపోవాలి. నిలవకుండా పెరుగుతూనే ఉంటే, లేదా మూత్రంలో ప్రోటీన్ తోడైతే టీడీఎఫ్‌ను అనుమానించాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవారు డోలుటెగ్రావిర్‌తో రోజుకు 1000 మి.గ్రా. మించకూడదు.

ఏ కారణంతో మారినా ముందు హెపటైటిస్ బీ ఉపరితల యాంటిజెన్ ఫలితం చేతిలో ఉండాలి. అది పాజిటివ్ ఉన్నవారు టెనోఫోవిర్ లేని మందుకు మారితే హెపటైటిస్ ఒక్కసారిగా ఎగసి, కాలేయం విఫలమయ్యే దాకా పోవచ్చు. పాత నిరోధకత పరీక్షల కాగితాలు, ఇంతకుముందు విఫలమైన మందుల పేర్లు, వాడుతున్న ప్రతి మాత్ర పేరు, యాంటాసిడ్ సహా, ఒకే కాగితం మీద రాసుకుని వెళ్లాలి. పాత మందు చివరి మాత్ర వేసుకున్న మర్నాడే కొత్తది మొదలవ్వాలి, మధ్యలో ఒక్క రోజూ ఖాళీ ఉండకూడదు. మారిన 4 నుంచి 8 వారాల లోపు వైరల్ లోడ్, క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోవాలి. బరువు, నడుము కొలత, కొలెస్ట్రాల్ 3 నెలలకు, మళ్లీ ఏడాదికి.